కడుపు భయం, బస్సు ప్రయాణం: రాయగడ నుంచి ఒక కేస్ స్టడీ

రమణ గారి వయసు 37. ఒడిశాలోని రాయగడలో ఒక హోల్‌సేల్ కిరాణా కొట్టులో లెక్కలు రాస్తారు. అది ఆయన అసలు పేరు కాదు. గుర్తుపట్టే వీలున్న మరికొన్ని వివరాలు కూడా మార్చాను. తాతల కాలంలో పాలకొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. ఇంట్లో తెలుగు, కొట్టులో ఒడియా. నెలలో రెండు మూడు సార్లు మునిగుడ, బిస్సంకటక్, గుణుపూర్ వైపు వసూళ్లకు వెళ్లడం కూడా ఆయన పనే. నాలుగేళ్లుగా ఆ ప్రయాణాలంటేనే ఆయనకు చెమటలు పడుతున్నాయి.

మొదటి రోజు భార్యతో, బావమరిదితో కలిసి వచ్చారు. కూర్చోగానే ఆయన అన్న మాట ఇది: "మేడం, నన్ను ఒకసారి హిప్నటైజ్ చేసేసి ఈ కడుపు గోల మర్చిపోయేటట్టు చేసేయండి." బావమరిది ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. స్టేజి మీద ఒకాయన చిటికె వేయగానే ఎదుటి మనిషి కుర్చీలో వాలిపోతున్నాడు. "మా బావకి ఇలాగే చేస్తారు కదండీ?" అని అడిగాడు. భార్య ఏమీ మాట్లాడలేదు. వాళ్లిద్దరూ నీళ్లు తాగడానికి బయటికి వెళ్లినప్పుడు మాత్రం మెల్లగా అడిగింది: "ఆ మత్తులో ఉన్నప్పుడు ఆయన మనసులో ఏటుందో అడగొచ్చా మేడం?" ఇంటి దగ్గర రమణ గారి తల్లి దృష్టిలో ఇది ఎవరో పెట్టిన చిల్లంగి, అంటే చేతబడి. అప్పటికే రెండు చోట్ల తాయెత్తులు కట్టించింది.

ఒక్క మనిషి కడుపు గురించి నలుగురికి నాలుగు ఆశలు. కౌన్సెలింగ్‌కు, హిప్నోథెరపీకి వచ్చే చాలా కుటుంబాల్లో ఇదే పరిస్థితి. ఏం జరుగుతుందో, ఏం జరగదో ముందే తెలిస్తే వైద్యం సగం తేలికవుతుంది. అందుకే ఈ కేసును కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు రిపోర్టులు

నేను క్లినికల్ సైకాలజిస్టును. మందులు రాయను. కడుపు జబ్బుతో వచ్చిన మనిషికి శరీరంలో ఏముందో తేలకుండా కళ్లు మూసుకోమని చెప్పను. ఈ విషయంలో రాజీ పడకూడదు. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉండడం, 50 దాటాక కొత్తగా మొదలైన ఇబ్బంది: వీటిలో ఏది ఉన్నా ముందు కడుపు డాక్టరు దగ్గరికే వెళ్లాలి. మన ప్రాంతంలో అమీబా, జియార్డియా లాంటి పేగు క్రిములు కూడా మామూలే కాబట్టి మల పరీక్ష తప్పనిసరి. హిప్నోథెరపీతో నొప్పి తెలియడం తగ్గవచ్చు. లోపల పుండు ఉన్న మనిషికి అదే ప్రమాదం.

రమణ గారి దగ్గర ఒక సంచీ నిండా రిపోర్టులు ఉన్నాయి. రక్త పరీక్షలు, థైరాయిడ్, మల పరీక్ష, విశాఖపట్నంలో చేయించుకున్న కొలనోస్కోపీ (పెద్దపేగును లోపల కెమెరాతో చూసే పరీక్ష). అన్నీ నార్మల్. అక్కడి డాక్టరు రాసిన నిర్ధారణ ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే ఐబీఎస్. రోమ్ ఫోర్ అని 2016లో వచ్చిన ప్రమాణాల ప్రకారం దీన్ని తేలుస్తారు. గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక రోజైనా కడుపునొప్పి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతోనో, వెళ్లే సార్లు మారడంతోనో, మలం తీరు మారడంతోనో సంబంధం కనిపించాలి. వీటిలో కనీసం రెండు ఉండాలి. మొదలై ఆరు నెలలు దాటాలి. ఆయనకు అన్నీ సరిపోయాయి.

"రిపోర్టులన్నీ బావున్నాయి, టెన్షన్ తగ్గించుకో" అని అక్కడ చెప్పారట. ఆ మాట ఆయనకు గట్టిగా తగిలింది. "అంటే నేను నటిస్తన్నాననే కదా మేడం?" అన్నారు. మొదటి సిట్టింగులో ఎక్కువసేపు ఈ ఒక్క అపార్థం మీదే కూర్చున్నాం. ఐబీఎస్‌లో నొప్పి నిజమైన నొప్పి. పేగుల్లో చిన్న బెలూన్ పెట్టి గాలి ఊది చూసిన పరిశోధనల్లో, ఈ జబ్బున్న చాలామందికి మిగతావాళ్ల కంటే తక్కువ ఒత్తిడికే నొప్పి వస్తుందని తేలింది. పేగుకు, మెదడుకు మధ్య రెండు వైపులా కబుర్లు నడుస్తూనే ఉంటాయి. ఆ దారిలో మోత పెరిగిపోయింది. దొంగలు పడ్డ ఇంట్లో కుక్క ఆ తర్వాత పాలవాడు వచ్చినా మొరుగుతుంది కదా, మీ పేగు కూడా అలా కాపలా కాస్తోంది అని చెప్పాను. ఆయన మొదటిసారి నా వైపు నేరుగా చూశారు. "అయితే దొంగలు పడ్డ రోజు నాకు గుర్తుంది" అన్నారు.

ఆ రోజు

నాలుగేళ్ల క్రితం, వానాకాలంలో ఒక పెళ్లి భోజనం. మర్నాడు తిన్నవాళ్లలో చాలామందికి వాంతులు, లూజ్ మోషన్స్. ఆయనకు కూడా. రెండు రోజులకు తగ్గిందనుకుని వసూళ్లకు బయల్దేరారు. తిరిగి వస్తుంటే ఘాట్ రోడ్డులో కడుపు మెలిపెట్టింది. బస్సు ఆపమని అడిగారు. మలుపులో ఆపడం కుదరదని డ్రైవరు ముందుకు పోనిచ్చాడు. చేతిలో కొట్టువాళ్ల డబ్బు సంచీ, చుట్టూ తెలిసిన మొహాలు. చివరికి బస్సు ఆగింది. అనుకున్నంత పరువు తక్కువ ఏమీ జరగలేదు. కానీ ఆ కాసేపు ఆయన శరీరం నేర్చుకున్నది మాత్రం మిగిలిపోయింది. పేగులకు ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిన తర్వాత కొంతమందిలో ఐబీఎస్ మొదలవడం వైద్యులకు బాగా తెలిసిన విషయమే. ఇక్కడ ఇన్ఫెక్షన్, భయం ఒకే వారంలో జతపడ్డాయి.

బావమరిదికి ఈ కథ చాలా చిన్నదనిపించింది. "అసలు కారణం ఇంకేదో లోపల ఉండుంటుందండీ. చిన్నప్పటిదో, పోయిన జన్మదో. హిప్నటిజంలో బయటికి లాగండి" అన్నాడు. నేను ఆ పని చేయను. ఎందుకో అక్కడే చెప్పాను. హిప్నాసిస్‌లో ఉన్న మనిషికి ఊహ చురుగ్గా ఉంటుంది, సూచనను తేలిగ్గా అందుకుంటాడు. "వెతుకు, ఇంకా వెనక్కి వెళ్లు" అంటే మనసు ఏదో ఒకటి కల్పించి ఇస్తుంది. అది నిజంగా జరిగినంత స్పష్టంగా కనబడుతుంది, దాని మీద నమ్మకం కూడా గట్టిగా ఉంటుంది. జరగని సంగతులు జ్ఞాపకాలుగా స్థిరపడగలవని ఎలిజబెత్ లాఫ్టస్ లాంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎన్నో ప్రయోగాల్లో చూపించారు. అలా పుట్టిన "జ్ఞాపకం" ఒక మేనమామ మీదో, ఒక పిన్ని మీదో పడి కుటుంబాలు విడిపోవచ్చు. రమణ గారికి వైద్యం చేయడానికి ఏ రహస్యమూ అక్కర్లేదు. వానాకాలపు ఘాట్ రోడ్డు చాలు.

ఒప్పందం

రెండో సిట్టింగులో ఆయనను ఒంటరిగా కూర్చోబెట్టి ఒక ఒప్పందం రాసుకున్నాం. దాదాపు మూడు నెలలు, వారానికి ఒకసారి, ఒక్కోసారి 50 నిమిషాలు. ఫీజు ఎంతో, రాలేకపోతే ఎప్పటిలోగా చెప్పాలో అందులోనే ఉంది. మందులు డాక్టరు చెప్పినట్టే వాడాలి, నన్ను అడిగి మానేయకూడదు. ఇక్కడ మాట్లాడింది ఆయన అనుమతి లేకుండా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పను. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఈ గోప్యతను హక్కుగానే గుర్తించింది. ప్రాణాపాయం ఉందనిపిస్తే మాత్రం చెప్పాల్సి వస్తుంది, అదీ ముందే చెప్పాను. భార్య అడిగిన ప్రశ్నకు నా జవాబు కూడా ఇందులోంచే వచ్చింది. ఆయన మనసులో ఏముందో ఆయన మెలకువలో, ఆయన ఇష్టంతో, ఆవిడకే చెప్పాలి. నేను మధ్యలో తవ్వి తీసి ఇచ్చేది కాదు. హిప్నాసిస్‌లో ఉన్న మనిషి అబద్ధం కూడా చెప్పగలడు, మాట్లాడకుండా ఊరుకోగలడు, కళ్లు తెరిచి లేచి వెళ్లిపోగలడు.

కొన్ని ప్రశ్నలు అందరినీ అడుగుతాను, ఆయననూ అడిగాను. ఎవరూ లేనప్పుడు మాటలు వినిపించడం, ఎవరో వెంటాడుతున్నారన్న గట్టి అనుమానం, చనిపోవాలన్న ఆలోచన, ఫిట్స్, తాగుడు. మొదటి రెండింటిలో ఏది ఉన్నా హిప్నోథెరపీ జోలికి పోకుండా సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తాను. ఈ జిల్లాల్లో నుంచి వెళ్లేవాళ్లకు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది, విశాఖపట్నం ఉంది. రమణ గారికి అవేవీ లేవు. బాధ ఎంత ఉందో కొలవడానికి ఐబీఎస్ తీవ్రత స్కేలు వాడాను. సున్నా నుంచి 500 వరకు ఉంటుంది, 300 దాటితే తీవ్రం. ఆయనకు 310 వచ్చింది.

రాసుకొచ్చిన డైరీ

రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాయమన్నాను. ఏం తిన్నారు, ఎప్పుడు నొప్పి వచ్చింది, ఎన్నిసార్లు వెళ్లారు, ఆ ముందు మనసులో ఏం తిరుగుతోంది. లెక్కల మనిషి కాబట్టి గళ్లు గీసి మరీ రాసుకొచ్చారు. ఆ గళ్లు చూస్తే మాట్లాడాల్సింది అంతా అక్కడే ఉంది.

ప్రయాణం ఉన్న రోజు ముందురాత్రి నుంచే తిండి మానేస్తున్నారు. పొద్దున్న ఒట్టి టీ, అదీ మూడు సార్లు. మోషన్స్ ఆపే మాత్ర రెండు వేసుకుని బస్సెక్కుతున్నారు. తలుపు పక్క సీటు దొరక్కపోతే దిగిపోయి ఇంకో బస్సు కోసం ఆగుతున్నారు. సంచీలో ఇంకో ప్యాంటు. సాయంత్రం ఇల్లు చేరాక రోజంతా మానేసిన తిండి ఒక్కసారిగా తింటున్నారు. రాత్రంతా ఉబ్బరం. మర్నాడు మళ్లీ, "చూశారా, నిన్న ప్రయాణం చేస్తే ఇవాళ ఎలా ఉందో" అనే లెక్క. తిన్నాక పెద్దపేగు కదలడం ఆరోగ్యంగా ఉన్నవాళ్లకూ జరిగేదే, ఇడ్లీ తిన్న పావుగంటకు వెళ్లాలనిపించడం జబ్బు కాదు అని ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆ కదలిక వచ్చిన ప్రతిసారీ ఆయన గుండె కొట్టుకునేది, గుండె కొట్టుకుంటే పేగు ఇంకా కదిలేది.

ఒక్క విషయంలో నేను ఆయన పక్షమే. మన ఘాట్ రోడ్లలో బస్సు గంటల తరబడి వెళ్తుంది, దారిలో మనిషి వెళ్లగలిగే లెట్రిన్ దొరకడం కష్టం. ఇది ఆయన భ్రమ కాదు. ఆడవాళ్లయితే ఈ బాధ ఇంకా ఎక్కువ పడుతున్నారు, నీళ్లు తాగడం మానేసి మూత్రంలో మంటలు తెచ్చుకుంటున్నారు. కాబట్టి బస్సు ఎక్కడెక్కడ ఆగుతుందో తెలుసుకోవడం, బయల్దేరే ముందు ఒకసారి వెళ్లి రావడం మామూలు జాగ్రత్తలే. వాటిని మానమని చెప్పలేదు. ఆకలితో మాడడం, అవసరం ఉన్నా లేకున్నా మాత్రలు, సీటు కోసం బస్సు వదిలేయడం: ఇవి భయానికి మేత వేస్తున్నాయి. వీటిని ఒక్కొక్కటిగా తగ్గించాలని అనుకున్నాం. మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ఆయన డాక్టరునే అడిగి రమ్మన్నాను.

కళ్లు మూసుకున్నాక

హిప్నోథెరపీ నాలుగో సిట్టింగులో మొదలైంది. అప్పటిదాకా జరిగింది మాటలే. "అసలుది ఎప్పుడు మేడం?" అని ఆయన అడుగుతూనే ఉన్నారు. నా ఉద్దేశంలో ఆ మాటలే అసలువి. హిప్నాసిస్ వాటి మీద పనిచేస్తుంది, వాటికి బదులుగా కాదు.

ఈ జబ్బుకు హిప్నోథెరపీ నా సొంత కల్పన కాదని కూడా ఆయనకు చెప్పాను. మాంచెస్టర్‌లో పీటర్ వోర్వెల్ బృందం 1984లో లాన్సెట్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించింది. మందులకు లొంగని ఐబీఎస్ రోగులు 30 మందిలో, హిప్నోథెరపీ పొందినవాళ్లు మామూలు సైకోథెరపీ (మాటలతో చేసే వైద్యం) పొందినవాళ్ల కంటే బాగా మెరుగయ్యారు. ఆ తర్వాత మరెన్నో అధ్యయనాలు వచ్చాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, 12 నెలలు మందులు వాడినా తగ్గని ఐబీఎస్‌కు ఆలోచించదగ్గ చికిత్సల్లో దీన్ని 2008లోనే చేర్చింది. అందరికీ పనిచేయదు. సుమారు 10 నుంచి 15 శాతం మంది చాలా తేలిగ్గా, లోతుగా హిప్నాసిస్‌లోకి వెళ్తారు. దాదాపు అంతేమంది పెద్దగా స్పందించరు. మిగిలినవాళ్లం మధ్యలో ఉంటాం. రమణ గారు కూడా ఆ మధ్యవాళ్లలోనే.

గదిలో జరిగేది చెప్తాను. కుర్చీ, మంచం ఏదైనా పర్వాలేదు, ఆయన కుర్చీ అడిగారు. తలుపు దగ్గరికి వేశాం, గడియ పెట్టలేదు. ఆడవాళ్లయితే తోడుగా ఇంకో ఆవిడను కూర్చోబెట్టుకోవచ్చని ముందే చెప్తాను, ఎవరైనా సరే ఆ మాట అడగడానికి మొహమాటపడకూడదు. గోడ మీద ఒక చోట చూపు నిలపమన్నాను. ఊపిరి వదిలేటప్పుడు భుజాలు జారవిడవమన్నాను. కళ్లు బరువెక్కితే మూసుకోమన్నాను. పాదాల నుంచి పైకి ఒక్కో భాగాన్ని వదులు చేయిస్తూ, పది నుంచి ఒకటి వరకు మెల్లగా లెక్కపెట్టాను. అంతే. లాకెట్ ఊపడం, చిటికెలు, నుదుటి మీద చెయ్యి వేయడం ఏవీ లేవు.

ఈ చికిత్సలో సాధారణంగా చదివే పాఠంలో పేగుల కదలికను ఒక నది నెమ్మదిగా పారుతున్నట్టు ఊహించమంటారు. ఎవరికైనా ఊహ ఇచ్చే ముందు అది వాళ్లకు ఎలాంటిదో అడుగుతాను. నది అనగానే ఆయన మొహం మారింది. 2017 జులైలో రాయగడ దగ్గర వచ్చిన వరదను చూసిన మనిషి ఆయన. రైలు వంతెన కొట్టుకుపోయిన ఆ నీళ్లు ఆయన కళ్లలో ఇంకా ఉన్నాయి. ఎండాకాలంలో రాళ్లు తేలి కనిపించే నాగావళి ఒక్క రాత్రిలో ఎలా మారుతుందో తెలిసినవాడికి, "నీ కడుపులో నది ఉంది" అనడం ఓదార్పు కాదు. మరి కడుపుకు హాయిగా అనిపించింది ఎప్పుడు అని అడిగాను. చాలాసేపు ఆలోచించి చెప్పారు. చిన్నప్పుడు కడుపునొప్పి వస్తే వాళ్లమ్మ తమలపాకుకు ఆముదం రాసి, దీపం సెగ చూపించి, బొడ్డు మీద వేసేది. ఆకు చల్లారేలోపు నిద్రపట్టేసేది.

అదే వాడుకున్నాం. అరచెయ్యి పొట్ట మీద పెట్టుకుని, ఆ వెచ్చదనం ఆకులోంచి చర్మంలోకి, చర్మంలోంచి లోపలికి దిగుతున్నట్టు, అది తాకిన చోటల్లా పట్టు వదులుతున్నట్టు ఊహించుకోమన్నాను. ఆయన ఊపిరి మారడం కనిపించింది. పొట్టలో శబ్దాలు నాకూ వినిపించాయి. పావుగంట తర్వాత ఒకటి నుంచి అయిదు వరకు లెక్కపెట్టి కళ్లు తెరవమన్నాను.

ఆయన మొహంలో నిరాశ. "నిద్రపోలేదు మేడం. బయట ఆటో హారన్ వినిపించింది. మీరన్నవన్నీ గుర్తున్నాయి. నాకు పట్టలేదనుకుంటాను." ఈ మాట దాదాపు ప్రతి ఒక్కరూ అంటారు, అందుకే ఇక్కడ నొక్కి చెప్తున్నాను. హిప్నాసిస్ నిద్ర కాదు. చాలామందికి అంతా వినిపిస్తుంది, అంతా గుర్తుంటుంది. పుస్తకంలో మునిగిపోయినప్పుడు పక్కవాళ్ల మాటలు చెవిన పడుతున్నా పట్టించుకోకుండా ఉంటామే, దానికి దగ్గరగా ఉండే స్థితి అది. చెయ్యి ఎలా ఉందని అడిగాను. చూసుకుని, "వెచ్చగా ఉంది" అన్నారు. నొప్పి? కాసేపు వెతుక్కున్నట్టు ఆగి, "ఇప్పుడు లేదు" అన్నారు.

సెషన్‌ను ఆయన ఫోన్‌లోనే రికార్డు చేసి ఇచ్చాను. రోజూ రాత్రి ఒకసారి వినాలి, బండి నడుపుతూ అస్సలు వినకూడదు. వారానికి ఒకసారి నా ఎదుట చేసేదానికంటే ఇంట్లో రోజూ చేసే ఈ సాధనే ఎక్కువ పని చేస్తుంది. నేను దారి చూపిస్తాను, నడిచేది ఆయన. కొన్ని వారాలకు రికార్డింగ్ లేకుండానే అరచెయ్యి పొట్ట మీద పెట్టి మూడు ఊపిర్లలో ఆ వెచ్చదనం తెచ్చుకోవడం వచ్చేసింది.

తల్లికి ఈ తమలపాకు సంగతి చెప్పారట. ఆవిడ తాయెత్తు తీయించలేదు, నేనూ తీయమనలేదు. దానివల్ల ఆయనకు హాని లేదు, ఆవిడకు ధైర్యం ఉంది. చిల్లంగి పెట్టారని పక్కింటివాళ్ల మీద అనుమానం పెరిగితే మాత్రం ఊరుకోకూడదు. ఆ అనుమానాలతో మనుషులను కొట్టి చంపిన ప్రాంతాలు మనవి. ఆ మాట ఆయనతో గట్టిగానే చెప్పాను.

పాలకొండ

పేగు కొంచెం నెమ్మదించాక అసలు బరువైన సంగతి బయటికొచ్చింది, మెలకువలోనే. భార్య పుట్టిల్లు పాలకొండ. రైలు లేదు, బస్సులోనే వెళ్లాలి. పెళ్లయిన కొత్తలో దసరాకు కోటదుర్గమ్మ ఉత్సవాలకు ఇద్దరూ కలిసి వెళ్లేవారు. నాలుగేళ్లుగా ప్రతిసారీ ఏదో సాకు. కొట్టులో పని, స్టాకు లెక్కలు, ఒంట్లో నలత. మరదలి పెళ్లికి కూడా ముహూర్తం దాటాక, అర్ధరాత్రి అద్దె కారులో వెళ్లి తెల్లారేసరికి వచ్చేశారు. బస్సులో వెళ్తే ఏమవుతుందోనన్న భయమని భార్యకు ఒక్కసారీ చెప్పలేదు. "ఇది ఆడమనిషికి చెప్పుకునే మాటా మేడం?" అన్నారు.

భార్య లెక్క ఇంకోలా ఉంది. తన వాళ్లంటే చిన్నచూపనో, ఇంకెవరైనా ఉన్నారనో. ఆ మత్తులో అడగమన్న ప్రశ్న వెనుక ఉన్నది అదే.

ఆయన ఒప్పుకున్నాక ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టాను. ఆయన నేల చూస్తూ ఘాట్ రోడ్డు సంగతి మొత్తం చెప్పారు, సంచీలో ఇంకో ప్యాంటు పెట్టుకోవడం సహా. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కోపంగానే అంది: "నాలుగేళ్లు మా అమ్మ ముందు నన్ను దోషిని చేశావు. ఈ ఒక్క ముక్క చెప్పలేకపోయావా?" ఆ కోపాన్ని నేను చల్లార్చే ప్రయత్నం చేయలేదు. దానికి ఆవిడకు హక్కుంది. ఆ కోపం అయ్యాక ఇద్దరూ మాట్లాడుకున్నారు. బయటికి వెళ్తూ ఆవిడే అడిగింది, మొదట ఎంత దూరం వెళ్లి చూడాలని.

బస్సు ఎక్కడం

భయపడే చోటికి మెట్లు మెట్లుగా వెళ్లి, భయం తనంతట తాను దిగేదాకా అక్కడ ఉండడం చాలా పాత పద్ధతి, బాగా పనిచేసే పద్ధతి. హిప్నాసిస్‌లో ముందు ఆ ప్రయాణాన్ని మనసులో నడిపించాం: టికెట్, సీటు, మలుపు, కడుపులో కదలిక, చెయ్యి, వెచ్చదనం, కదలిక దిగిపోవడం. ఆ తర్వాత నిజంగా. మొదటిది దగ్గర్లోని జేకేపూర్ వరకు, భార్య పక్కన, పొద్దున్న రెండు ఇడ్లీలు తిని. రెండోసారి ఒంటరిగా. ఆ తర్వాత తలుపు పక్క కాకుండా మధ్య సీటులో. ఆ తర్వాత మాత్ర జేబులోనే ఉంచుకుని, వేసుకోకుండా. ప్రతి మెట్టు దగ్గర భయానికి పదికి ఎన్ని మార్కులో రాసుకున్నారు. మొదట తొమ్మిది రాసిన మెట్టుకే మూడోసారికి నాలుగు రాశారు.

మధ్యలో ఒక పెద్ద దెబ్బ తగిలింది. పెళ్లిళ్ల సీజన్‌లో ఒక విందులో బాగా తిన్నారు, మర్నాడు నొప్పి, మోషన్స్. వసూళ్లు మానుకుని ఇంట్లో పడుకున్నారు. "మొత్తం పోయింది మేడం, మొదటికొచ్చేసినాను" అని ఫోన్. డైరీ తీసుకుని రమ్మన్నాను. ఆ నెల మొత్తం మీద చెడ్డ రోజులు ఎన్ని, మూడు నెలల కింద ఎన్ని అని ఆయనతోనే లెక్క వేయించాను. ఐబీఎస్ అలలుగా వచ్చిపోతుంటుంది. చెడ్డ రోజు రావడం వైద్యం విఫలమవడం కాదు. ఆ తర్వాతి వారం ఆయన ఏం చేస్తారన్నదే నేను చూస్తాను. మర్నాడు ఆయన ఇడ్లీ తిని జేకేపూర్ బస్సెక్కారు. చిన్న మెట్టుకే తిరిగి వెళ్లారు, కానీ ఆగిపోలేదు.

ఎక్కడిదాకా వచ్చాం

చివరి సిట్టింగులో అదే స్కేలు మళ్లీ ఇచ్చాను. 310 నుంచి 165కు వచ్చింది. ఈ స్కేలులో 50 తగ్గినా చెప్పుకోదగ్గ మార్పుగా లెక్కిస్తారు. 75 నుంచి 175 మధ్య అంటే బాధ ఇంకా ఉంది, తేలికపాటిది. ఆయన అడిగిన "మర్చిపోయేటట్టు చేయడం" జరగలేదు. మునిగుడ, బిస్సంకటక్ ఇప్పుడు బస్సులోనే వెళ్తున్నారు. గుణుపూర్ వైపు షేర్ జీపులో మాత్రం ఇంకా ఎక్కలేదు. జీపులో ఇరుక్కుని కూర్చోవాలి, ఆపమంటే ఎనిమిది మంది చూస్తారు. అది ఆయన మెట్లలో అన్నింటికంటే పైది, దానికి ఇంకో రెండు మూడు సిట్టింగులు పెట్టుకున్నాం. మాత్ర ఇప్పటికీ జేబులో ఉంటుంది. ఉండనివ్వండి అన్నాను. మిగిలిన మార్పులు నిలబడ్డాక దాని సంగతి చూద్దాం. దసరాకు పాలకొండ వెళ్లొచ్చారు, బస్సులో, పగటిపూట. పార్వతీపురంలో బస్సు ఆగినప్పుడు ఒకసారి దిగారట. "అవసరం లేకపోయినా దిగినాను మేడం, అది రాసుకోండి" అని ఆయనే చెప్పారు. రాసుకున్నాను.

ఇలాంటి వైద్యం కోసం ఎవరి దగ్గరికైనా వెళ్లాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి. హిప్నోథెరపిస్ట్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దగ్గర ప్రత్యేకమైన లైసెన్సు ఏమీ లేదు. అందుకని అసలు చదువు ఏమిటో అడగండి: సైకియాట్రిస్టా, రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టా, మరొకటా. రిపోర్టులు చూడకుండానే ఒక్క సిట్టింగులో నయం చేస్తానన్నవాళ్ల దగ్గర, మందులు మానేయమన్నవాళ్ల దగ్గర, మొత్తం డబ్బు ముందే కట్టమన్నవాళ్ల దగ్గర, ఇంట్లోవాళ్ల రహస్యాలు బయటపెడతానన్నవాళ్ల దగ్గర కూర్చోకండి. వెళ్లేటప్పుడు పాత రిపోర్టులన్నీ, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. రెండు వారాల డైరీ ముందే రాసుకుని వెళ్తే ఒక సిట్టింగు ఖర్చు మిగులుతుంది. దగ్గర్లో ఎవరూ లేకపోతే, మనసు మరీ బాగోలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడొచ్చు.